అమ్మ వేళ్లలో ఎవరున్నారు?

ఒంటిపూట బడి నుంచి వచ్చి ఆమని తలుపు తట్టింది. లోపల గడియ మీద గోళ్లతో గీరుతున్న చప్పుడు. చాలాసేపు అదే చప్పుడు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"అమ్మా?"

"ఉన్నానమ్మా. వేళ్లు వంగట్లేదు" అంది లోపలి నుంచి తల్లి అహల్య.

చివరికి తలుపు తెరుచుకుంది. అమ్మ వేళ్ల కణుపులు ఉబ్బి, ఎర్రగా, వేడిగా ఉన్నాయి. అవి అమ్మ చేతులు కానట్టే అనిపించింది ఆమనికి. దెబ్బ తగల్లేదు, పురుగు కుట్టలేదు. మరి ఎవరు చేశారు?

వెనక్కి తిరిగి చూసింది. ఎదురింట్లో ఒంటరిగా ఉండే సుబ్బమ్మ అరుగు మీద కూర్చుని, కదలకుండా వీళ్ల గుమ్మం వైపే చూస్తోంది. వీధి మధ్యలో కుంకుమ పూసిన నిమ్మకాయ పడి ఉంది.

సుబ్బమ్మ మామ్మ చేతబడి చేసిందని ఆమని తన స్నేహితురాలు మహతికి చెప్పింది. మహతి ఇంకొకరికి చెప్పింది. కొన్నాళ్లకు నందిగామలోని ఆ వీధిలో పిల్లలెవరూ సుబ్బమ్మ ఇంటి ముందు నుంచి నడవడం లేదు. పెద్దవాళ్లూ పలకరించడం మానేశారు. ఒక సాయంత్రం ఆమె ఇంటి పెంకుల మీద రాళ్లు పడ్డాయి. సుబ్బమ్మ బయటికి రాలేదు. లైటు కూడా వేయలేదు. ఆ చీకటింటిని చూస్తే ఆమనికి ఇంకా భయమేసింది.

నాన్న కుటుంబరావు అమ్మనీ ఆమనినీ విజయవాడ తీసుకెళ్లాడు. డాక్టరు భారతీదేవి రక్తపరీక్షలు చూసి, ఇది రుమటాయిడ్ అనే కీళ్లవాతమని చెప్పారు. ఎవరు చేశారని ఆమని మెల్లగా అడిగింది.

"బయటివాళ్లెవరూ కాదమ్మా. రక్తంలో తెల్లకణాలుంటాయి. ఒంటికి అవే కాపలా. క్రిములొస్తే చంపుతాయి. మీ అమ్మ ఒంట్లో అవి పొరబడ్డాయి. సొంత కీళ్లనే శత్రువులనుకుని, వాటి లోపలి పొరలో చేరి దాడి చేస్తున్నాయి. అందుకే ఆ వాపు."

"మనవాళ్లేనని వాటికి తెలీదా?"

"తెలీదు. పైగా ఒక కణం ఇంకోదాన్ని పిలుస్తుంది. అలా గుంపవుతాయి. మందులతో వాటిని శాంతపరచాలి. టైం పడుతుంది."

తిరిగొచ్చేటప్పుడు బస్సు పరిటాల ఊరు దాటేదాకా ఆమని అమ్మ చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆ చర్మం కింద, ఏ చప్పుడూ లేకుండా, ఇప్పుడు కూడా ఆ కణాలు పని చేస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత పెంకుల మీద పడ్డ రాళ్లు గుర్తొచ్చాయి.

వాళ్లు వీధిలోకి వచ్చేసరికి సుబ్బమ్మ అరుగు మీద ఉంది. దూరంగా మహతి, ఇంకొందరు పిల్లలు ఆడుకుంటున్నారు. ఆమని అమ్మ కొంగు వదిలి ఎదురింటి వైపు నడిచింది. ఆట ఆగిపోయింది. మహతి వద్దని సైగ చేసింది.

"మామ్మగారూ, మీరే చేతబడి చేశారని చెప్పింది నేనే" అంది ఆమని, అందరికీ వినబడేలా. "అమ్మది జబ్బు. మీరేం చేయలేదు."

సుబ్బమ్మ రెప్ప వేయకుండా చూసింది. ఆమని కదల్లేదు.

"అమ్మకి నొప్పి తగ్గిందా?" అని అడిగింది సుబ్బమ్మ.

"ఇంకా లేదండి."

వీధంతా చూస్తుండగా ఆమని వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. మహతిని కూడా రమ్మని పేరు పెట్టి పిలిచింది.