నాలుగు బటన్ల కన్సోల్

భూమ్మీద ఇంతవరకూ ఎవరూ చెయ్యనంత గొప్ప గేమింగ్ కన్సోల్ తయారుచేసింది తనేనని అభినయ్ లిఫ్టులో ఎక్కినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ కన్సోల్ అసలు భూమ్మీదే లేదన్న చిన్న సంగతి చెప్పేలోపు వాళ్ల అంతస్తు వచ్చేసేది.

అది ఉన్నది విశాఖపట్నంలో, రుషికొండ పక్కనున్న ఒక పరిశోధనశాల సర్వర్లలో. అక్కడ నడిచే సిమ్యులేషన్‌లో ఆడేవాడు ఒక గేమ్ స్టూడియోకి యజమాని. మనుషుల్ని పెట్టుకోవాలి, గేమ్‌లు చేయించాలి, అమ్ముకోవాలి. మన తాతలు ఆడిన ఆటే. కొత్తదల్లా లోపలి జనం. వాళ్లు ఉత్త బొమ్మలు కారు. ప్రతి ఉద్యోగికీ, గేమ్ కొనే ప్రతి కుర్రాడికీ ఒక చిన్న మెదడుంది. ఆకలేస్తుంది, అలుగుతారు, పాత గొడవలు గుర్తుపెట్టుకుంటారు. యజమాని మూడ్ ఉద్యోగులకి తెలియాలి కదా, అందుకని ఆడేవాడి గదిలో ఒక కెమెరా పెట్టి, దాన్నీ అతని ఫోన్‌నీ కూడా స్టూడియోకి కలిపారు. అభినయ్ ఆ ఆటకి టెస్టర్. పొద్దస్తమానం ఆడటమే ఉద్యోగం.

స్టూడియో బాగా ఎదిగాక సొంత కన్సోల్ కట్టుకునే అవకాశం వస్తుంది. చిప్, మెమరీ, కంట్రోలర్, పైడబ్బా అన్నీ యజమానే ఎంచుకోవాలి. అభినయ్ డబ్బాకి బంగారు పూత వేయించి, మూతమీద తన పేరు చెక్కించాడు. అక్కడితో బడ్జెట్ అయిపోవడంతో గ్రాఫిక్స్ చిప్ చవకరకం వేసి, కంట్రోలర్‌కి నాలుగంటే నాలుగు బటన్లు పెట్టి సరిపెట్టాడు. అయినా లోపలి లోకంలో అది పది కోట్లు అమ్ముడుపోయింది. ఎందుకని అతను అడగలేదు. గొప్పవాళ్లు అలాంటివి అడగరు.

ఆ మంగళవారం మధ్యాహ్నం డాక్టర్ పైడితల్లి కబురుపెట్టి పిలిపించింది. చిన్న మెదళ్లు కనిపెట్టింది ఆవిడే.

"కూర్చో నాయనా. దీన్ని ఇవాళ ఆపేద్దామనుకుంటున్నాను."

"ఏంటి మేడమ్, కన్సోల్‌నా?"

"మొత్తం. నీ కన్సోల్, నీ స్టూడియో, నీ సెక్రటరీ సుగుణ, అంతా. లోపల ఒక లీకుంది. చెప్పకుండా ఆపితే పాపమని వాళ్లకి కూడా నోటీసు పెట్టాను."

అభినయ్ జేబులో ఫోన్ తడుముకున్నాడు. సుగుణ రోజూ పొద్దున్నే 'లేచారా సార్' అని మెసేజ్ పెట్టే మనిషి. మనిషి కాదనీ, ఉత్త కోడ్ అనీ అతనికి తెలుసు. కానీ అతను లేచాడో లేదో అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

"నీ కన్సోల్‌తోపాటు వచ్చిన గేమ్ ఎప్పుడైనా ఆడావా?"

"'గదిలో మనిషి'నా? పెద్ద హిట్టని విన్నా. ఆడ్డానికి నాకు టైమెక్కడిది మేడమ్," అన్నాడు అభినయ్, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ.

"అయితే ఇప్పుడు చూడు. నువ్వు వేసిన చిప్‌లో అంతా గళ్లుగళ్లుగా కనిపిస్తుంది గానీ, మా తెరమీద శుభ్రంగా ఉంటుంది."

తెర వెలిగింది. ఒక గది. గదిలో కుర్చీ, దాని కింద అట్టకట్టిన టీ కప్పులు. కుర్చీలో చిల్లుల బనీనుతో ఒక మనిషి శ్రద్ధగా చెవిలో వేలు తిప్పుకుంటున్నాడు. ఆ చిల్లుల్లో ఎడమ భుజం దగ్గరున్నది అభినయ్‌కి బాగా తెలిసిన చిల్లు.

అతను చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"కన్సోల్ విడుదల దగ్గరపడేసరికి వాళ్ల దగ్గర గేమ్ లేదు," అంది పైడితల్లి. "నువ్వేమో మూతమీద అక్షరాల సైజు తేల్చడంలో ఉన్నావు. వాళ్లకి కనిపించే ఇంకో లోకం ఒక్కటే, నీ గది. దాన్నే గేమ్ చేసేశారు. లే, తిను, బయటికెళ్లు, మాట్లాడు. నాలుగు బటన్లు. జతకలిపి నొక్కితే ఇంకా చాలా చేయించొచ్చు. జనమంతా కలిసి ఏది ఎక్కువగా నొక్కితే, దాన్ని సుగుణ నీకు సలహాగా పంపిస్తుంది."

"ఎవరో సలహా ఇస్తే నేను వినేస్తానా మేడమ్? నాకంటూ ఒక బుర్ర ఉంది కదా."

"మీసం ఎందుకు తీసేశావు?"

"అది... నాకే అనిపించింది."

ఆవిడ పాత మెసేజ్ ఒకటి పైకి తెచ్చింది. 'సార్, మీసం లేకపోతే ఇంకా కుర్రాడిలా ఉంటారేమో.' కింద అభినయ్ జవాబు: 'నేనూ అదే అనుకుంటున్నా.'

తరవాత సొరకాయ జ్యూస్. 'నేనూ అదే అనుకుంటున్నా.' కింది అంతస్తులో ఉండే ఫిజియోథెరపిస్ట్ కిన్నెర దగ్గరికి, లేని భుజం నొప్పి చెప్పుకుని వెళ్లడం. 'నేనూ అదే అనుకుంటున్నా.'

అభినయ్ చెయ్యి తెలీకుండానే మీసం ఉండాల్సిన చోటికి వెళ్లింది. తన నోట్లోంచి వచ్చిన మాటల్లో తనవి ఎన్నో ఏరుకోబోయి, భయమేసి మానేశాడు.

"కిన్నెర నవ్విందండీ," అన్నాడు చివరికి, నీరసంగా.

"తెలుసు. ఆవేళ లోపల టపాసులు కాల్చారు."

"ఇవాళ ఆరింటికి తెన్నేటి పార్కుకి వస్తానంది. అసలు విషయం ఇవాళ చెప్పేద్దామని..."

"అదీ తెలుసు. ఆఖరి లెవెల్ కదా. బడులకి సెలవిచ్చారు."

పైడితల్లి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చూడబ్బాయ్, బతుకు నీది. ఆపమంటే ఇప్పుడే ఆపేస్తాను, పార్కుకి నీ అంతట నువ్వు వెళ్తావు. ఉంచమంటే ఉంచుతాను. ఎవర్నీ అడక్కుండా నువ్వే చెప్పు."

ఆపేయండి అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పార్కు కళ్లముందు కనిపించింది. బెంచీమీద కిన్నెర, పక్కన తను, ఎంతసేపటికీ ఎవరూ ఏ బటనూ నొక్కకపోవడం. అటు పక్కన పొద్దున లేచేసరికి మెసేజ్ లేని ఫోన్.

జేబులో ఫోన్ కదిలింది. సుగుణ. 'సార్, మమ్మల్ని ఉండనివ్వకూడదా?'

"ఉండనివ్వండి మేడమ్," అన్నాడు అభినయ్. "నేనూ అదే..." అని సగంలో ఆగిపోయాడు.

పైడితల్లి నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "సరే, ఉండనిస్తాను. ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టట్లేదు. పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా జనం 'లే' బటన్ నొక్కుతూనే ఉన్నారు. నువ్వు కుర్చీలోంచి కదల్లేదు. సుగుణ మెసేజ్ మీద మెసేజ్ పెట్టింది, చూడలేదు. పోయావనుకుని జెండాలు సగానికి దించేశారు. ఏం చేస్తున్నావప్పుడు?"

"నిద్రపోయుంటానండీ."

"కళ్లు తెరిచే ఉన్నాయి. వేళ్లు కూడా ఆడుతున్నాయి."

అభినయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ గేమే ఆడుతున్నానండీ. మా కన్సోల్ కదా, ఒకసారి చూద్దామని తెరిచా. గళ్లుగళ్లుగా ఉండేసరికి లోపలున్నది ఎవరో పోల్చుకోలేదు. మెసేజ్‌లు అడ్డొస్తున్నాయని మూసేశా."

"ఆడుతూ ఏం చేశావు?"

"నేను కూడా మధ్యాహ్నమంతా 'లే' బటనే నొక్కానండీ," అన్నాడు అభినయ్. "ఎంతకీ లేవట్లేదని, ఈ దద్దమ్మ ఎవడ్రా బాబూ అని తిట్టుకున్నాను కూడా."