బాండు మీద బిడ్డ

"ఎవరడిగిన్రే నిన్ను ఆ కాయితం? ఎవరడిగిన్రు?" అంటూ ఏలియా తల గోడకేసి కొట్టుకుంటుంటే, అతని భార్య ఎస్తేరు గడప దగ్గరే కూలబడిపోయింది. సర్కారు జీపు అప్పుడే సందు మలుపు తిరిగింది. అందులో వాళ్ళ ఆరేళ్ళ కెజియా ఉంది! "మమ్మీ... మమ్మీ..." అన్న ఆ పసిదాని కేక సూరారం సందంతా వినిపించింది. చూడ్డానికి అందరూ వచ్చారు గానీ, ఆపడానికి ఒక్కరు వస్తే ఒట్టు!

నిజమే, ఎవరూ అడగలేదు. ఒకటో తరగతిలో చేర్పించబోతే పెద్ద టీచరు పుట్టిన సర్టిఫికెట్ అడిగింది. పోయిందని చెబితే సరిపోయేది. కానీ ఎస్తేరుకు అబద్ధం చేతకాదు. పైగా గర్వం! బైబిల్లో దాచుకున్న బాండు కాయితం తీసి బల్ల మీద పెట్టింది. ఆరేళ్ళ కిందట మేడ్చల్ మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే పెళ్ళికాని పిల్ల ఒకతి, "నేను సాకలేనక్కా" అని పది రోజుల గుడ్డును ఎస్తేరు ఒళ్ళో పెట్టి, వంద రూపాయల బాండు మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. నోటరీ ముద్ర ఉంది, పాస్టరుగారి సాక్షి సంతకం ఉంది. ఆ ఆదివారం సంఘమంతా చప్పట్లు కొట్టింది. కాయితం చిరగకుండా ఎస్తేరు లామినేషన్ కూడా చేయించింది. పదిహేడేళ్ళు గొడ్రాలన్న మాట పడ్డ మనిషికి అంతకంటే పెద్ద రుజువేం కావాలి చెప్పండి! దాన్ని చూసిన పెద్ద టీచరు ముఖం మాడిపోయింది. ఆమె కబురుతో మర్నాడే బాలల సంరక్షణ అధికారులు ఇంటికొచ్చి పాపను జీపెక్కించారు.

"అమ్మా, ఇది చెల్లదు," అంది బాలల సంరక్షణ ఆఫీసులో వర్ష మేడం. చిన్న వయసే, మంచి పిల్లే. "ఇట్లాంటి బాండ్ల మీదనే పిల్లల్ని అమ్ముతున్నరు. మీరు కొనలేదని నాకు తెలుసు. కానీ ఎవరు కొన్నరో, ఎవరు సాకుతున్నరో చట్టానికి ఎట్ల తెలుస్తది? అప్పుడే దత్తతకు పేరు రాయించుకుంటే ఏదో ఒక బిడ్డ మీ ఇంటికొచ్చేది."

"ఏదో ఒక బిడ్డ గాదు మేడం... కెజియా!" ఎస్తేరు బావురుమంది.

"ఇప్పుడు రాయించుకుంటం," అన్నాడు ఏలియా ఆశగా.

"ఈ వయసు పాపకు మీ ఇద్దరి వయసులు కలిపి వంద దాటొద్దు. మీది నూటరెండు," అంది వర్ష తల వంచుకొని.

నాలుగు నెలలు గడిచాయి. కన్నతల్లి కోసం పేపర్లో ప్రకటన వేశారు, ఆమె రాలేదు. ఎస్తేరు ప్రతి ఆదివారం ప్రార్థన మానేసి షామీర్‌పేట దిక్కు కెజియాను ఉంచిన పిల్లల హోంకు పోయేది. "నన్నెందుకు ఇచ్చినవ్ మమ్మీ?" అని మొదట్లో కొంగు వదిలేది కాదు కెజియా. తర్వాత తర్వాత అడగడమే మానేసింది. హోంలో పిల్లను బాగానే చూసుకున్నారు. పాడు మనసు, ఎస్తేరు దానికి కూడా ఏడ్చింది!

చివరికి, దత్తత కోసం ఏళ్ళుగా వరుసలో ఉన్న ఒక జంటకు కెజియాను ఖాయం చేశారు. పాప కుదురుకోవాలి గనక ఇక మీరు రావద్దన్నారు.

"కోర్టుకు పోదాం. ఎన్నేండ్లయినా సరే కొట్లాడుత!" ఏలియా ఊగిపోయాడు.

"గా కేసు తేలేదాంక పిల్ల హోంలనే ఉండాలె గదయ్యా... మన పంతానికి దానికి ఇల్లే లేకుంట జేద్దమా? వద్దు!" అంది ఎస్తేరు. ఆ మాట అనడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

చివరిసారి వర్ష దగ్గరికి ఒంటరిగా వెళ్ళింది. "నన్ను సూడనియ్యకుండ్రి, పర్వాలేదు. మూడు ముచ్చట్లు మాత్రం రాసుకోండ్రి. వంకాయ తినది, బలవంతం జేస్తే కక్కుతది. మబ్బు పడితే పిల్లికూతలొస్తయ్, ఆయాసం మందు పంపు పీల్పియ్యాలె. పండుకునేటప్పుడు పక్కనున్నోళ్ళ చెవి వట్టుకుంటది... నిద్రవట్టేదాంక విడిపిచ్చుకోవద్దని ఆమెకు చెప్పుండ్రి."

కెజియాకు రాబోయే కొత్త అమ్మను ఎస్తేరు 'ఆమె' అనే అంది. వర్ష అన్నీ ఫారంలో రాసుకుంది. అడుగున ఒక గడి మిగిలింది. వివరాలు చెప్పినవారు పాపకు ఏమవుతారు?

"అమ్మ అని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరమ్మా..." వర్ష కలం ఆగిపోయింది.

"మీకేది కుదిరితే గదే రాయుండ్రి, బిడ్డా."

వర్ష కళ్ళు తుడుచుకొని 'తెలిసినావిడ' అని రాసింది. ఎస్తేరు ఫారం దగ్గరికి జరుపుకొని, ఆ మాట కింద సంతకం పెట్టింది.