చల్లారని డబ్బా

ఆళ్లగడ్డలో ఆ రోజుల్లో క్రిస్మస్ వస్తోందంటే బేకరీ బట్టీ దగ్గర ఆడవాళ్ల సందడి చూడాలి. మైదా, చక్కెర, డాల్డా ఎవరివి వాళ్లే తెచ్చుకుని, అక్కడే పిండి కలిపి, బిస్కెట్లు కాల్పించుకుని రేకుడబ్బాల్లో ఇంటికి మోసుకుపోయేవాళ్లు. అందరిలో లూదియావి నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి. అవంటే ఆమె కూతురు అనితకు ప్రాణం.

కిందటేడు పండక్కి ఏడేళ్ల అనిత జ్వరంతో మంచంలో ఉంది. డబ్బా ఇంట్లోకి రాగానే వాసన పట్టి చెయ్యి చాచింది.

"చల్లారనీ తల్లీ. వేడివి తినగూడదు," అంది లూదియా.

ఏ తల్లయినా అదే అంటుంది. కానీ బిస్కెట్ల కంటే ముందు బిడ్డ ఒళ్లు చల్లారిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేక లూదియా ఏడాదంతా కుమిలిపోయింది.

ఆ ఇంట్లో ఉండలేక మొగుడూ పెళ్లాలు నంద్యాలకు మారారు. మత్తయి బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. ఈ ఏడాది బిస్కెట్లు వద్దని అతను ఎంత చెప్పినా వినకుండా లూదియా పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కింది. అదే బట్టీలో కాల్పించి, కూతురి సమాధి దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చి, మధ్యాహ్నం తిరుగు బస్సు పట్టుకుంది.

సిరివెళ్ల దాటినా ఒళ్లోని డబ్బా చల్లారలేదు. నంద్యాలలో ఆటో దిగినా చల్లారలేదు. ఆ వేడి ఆమెకు తెలిసినదే. ఆనాడు బిడ్డ నుదుటి మీద చెయ్యి వేస్తే తగిలిన వేడి.

పొద్దుగూకింది. కరెంటు పోయింది. మత్తయి ఇంకా రాలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని లూదియా గోడకానుకుని కూర్చుంది. వీధిలో రిక్షా గంట కాసేపు వినిపించి ఆగిపోయింది. గదంతా కాలిన చక్కెర వాసన... దాని వెనకే, జ్వరం మందు వాసన...

"అమ్మా... చల్లారినాయా?"

చెవి పక్కనే.

ఆ మాటతోనే డబ్బా ఆమె చేతుల కింద చల్లబడింది. లూదియాకు భయం వేసింది. భయం కంటే ఎక్కువగా ఆశ పుట్టింది. చల్లారాయంటే తినేసి వెళ్లిపోతుంది. లేదంటే ఇక్కడే ఉంటుంది.

"ఇంకా లేదు తల్లీ," అని అబద్ధమాడింది.

చీకట్లో ఏదో దగ్గరికి జరిగింది. మోకాలి మీద చిన్న చెయ్యి... చల్లగా...

"ఆకలైతాంది మా..."

ఏ తల్లి ఓర్చుకుంటుంది? ఏడుస్తూ మూత తీసింది. "చల్లారినాయి. తిను నా బంగారూ."

మెల్లగా నములుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. మోకాలి మీద చెయ్యీ లేదు.

తలుపు తోసుకుని మత్తయి వచ్చి అగ్గిపుల్ల గీశాడు. గదిలో ఎవరూ లేరు. డబ్బాలో ఒక్క బిస్కెట్టూ తగ్గలేదు. మధ్యాహ్నం నుంచి ఒళ్లు కాలుతోందనీ, నోరంతా చేదుగా ఉందనీ చెబుతూ అతను పక్కన కూలబడ్డాడు. లూదియా అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అదే వేడి.

అగ్గిపుల్ల ఆరిపోయింది.

"ఒకటియ్యి లూదియా," అని మత్తయి చెయ్యి చాచాడు.

ఈసారి ఆగమనకూడదు. ఆమెకు తోచింది అదొక్కటే. గబగబా డబ్బాలో చెయ్యి పెట్టింది. వేళ్లు చుర్రుమన్నాయి.

"చల్లారనీ నాయనా..." అంది చీకట్లోంచి చిన్న గొంతు. "వేడివి తినగూడదు."