జేజి కఫన్ మీద ఆడిన బొమ్మ

1979 జనవరి 11, బేస్తవారం, సాయంత్రం ఆరున్నర. షార్జాలో మేము అద్దెకున్న ఇంట్లో మగ్రిబ్ నమాజు అయిపోయింది. శాలువా కప్పుకునేంత చలి. పక్కింట్లో ఎవరో చేపలు వేయిస్తున్నారు.

మా ఆయన ఖాదర్ హుస్సేన్ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు పారేసిన బొమ్మల సినిమా మిషను ఇంటికి తెచ్చాడు. చేత్తో తిప్పేది. లోపల చిన్న బల్బు, ఒకటే రీలు. శబ్దం రాదు. నేను వంటింట్లో ఉండగా, తెర కోసం ఆయనే ఇనుప పెట్టెలోంచి తెల్లగుడ్డ ఒకటి తీసి వాకిట్లో బట్టలారేసే తీగకు కట్టాడు.

అది మా అత్త దౌలత్‌బీ కఫన్. ఆమె హజ్ చేసుకుని, కొన్నాళ్లు మాతో ఉండి ప్రొద్దుటూరు పోదామని వచ్చింది. తను పోయినాక చుట్టడానికని ఆ గుడ్డను మక్కాలో జమ్‌జమ్ నీళ్లతో తడిపి, ఆరబెట్టి, కర్పూరం పెట్టి తెచ్చుకుంది. ఇంటికి తెచ్చినాక విప్పిన కఫన్‌ను ఖాళీగా మడవరాదని, మడిస్తే అదే ఎవరినో ఒకరిని వెతుక్కుంటుందని వాళ్లమ్మ చెప్పిందంట. ఆ మాట నాతో అనింది. కొడుకుతో అనలేదు.

నేను బయటికి వచ్చేసరికి బొమ్మ ఆడుతోంది. పాతకాలం నలుపు తెలుపు బొమ్మ. ఒక ఆడపిల్ల. పెద్ద తలకాయ, నుదుటి మీద ఉంగరాల జుట్టు, ముఖంలో సగం కళ్లే. మోకాళ్లు దాటని గౌను, నల్ల బూట్లు. మా హబీబున్నీసా, ఆరేళ్లది, గుడ్డకు ఆనుకున్నట్టే కూర్చోనుంది.

పక్కింటి బుడేన్ సాహెబ్ నవ్వుతున్నాడు. "ఏం ఖాదరూ, తల గుమ్మడికాయంత, నడుము దారమంత. ఈ పిల్లకు సంబంధం యాడ చూస్తావు?"

మా ఆయన కూడా నవ్వి, బీడీ ముట్టించుకోవడానికి పిడి వదిలాడు.

గాలికి గుడ్డ కదిలింది. కర్పూరం వాసన వచ్చింది. అప్పుడు గుర్తుపట్టాను, అది ఏ గుడ్డో.

"ఏమయ్యా, ఆపు," అన్నాను మెల్లగా.

"ఆపే ఉండా."

ఆయన రెండు చేతులూ బీడీ దగ్గరే ఉన్నాయి. పిడి కదలడం లేదు. గుడ్డ మీద ఆ పిల్ల ఒక కాలు వెనక్కి ఎత్తి, తల పక్కకు వంచి ఆడుతూనే ఉంది...

ఆయన వైరు పీకేశాడు. బల్బు ఆరింది. గుడ్డ మీది వెలుగు మాత్రం ఆరలేదు. బుడేన్ సాహెబ్ లేచి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల ఆట ఆపింది. వంగింది. మా బిడ్డను చూసింది. చేయి చాచింది... హబీబా కూడా చాచింది.

బిడ్డ చేయి మోచేతి దాకా గుడ్డలోకి పోయింది. లోపల ఆ చేయి సిరాతో గీసినట్టుంది. గాజులు కూడా.

నేను అరవాలి. అరవలేదు. ఖురాన్ ఆయత్ ఒక్కటీ నోటికి రాలేదు.

లోపల తస్బీ పూసలు తిప్పుకుంటున్న మా అత్త గడప దగ్గరికి వచ్చింది. అంతా చూసింది. కోప్పడలేదు. మెల్లగా నడిచి వచ్చి, పిల్ల భుజం పట్టుకుని వెనక్కి లాగింది. చేయి వచ్చేసింది. మామూలు చేయే.

"అది నాది," అని గుడ్డతో చెప్పింది. "పిల్లది కాదు."

తీగ మీది నుంచి దాన్ని లాగి, తలనుంచి పాదాల దాకా చుట్టుకుని, వాకిట్లో చాప మీద పడుకుంది. ఆ వెలుగు ఆరిపోయింది. మేము ఆమె పక్కనే కూర్చున్నాము. ఎవరమూ ఏడవలేదు. తెల్లవారుజామున ఫజర్ అజాన్ అప్పుడు ముఖం మీది గుడ్డ తీసి చూస్తే, ఆమెకు ఊపిరి లేదు.

స్నానానికి విప్పినప్పుడు గుడ్డ తెల్లగా ఉంది. దాంట్లోనే మట్టి ఇచ్చి వచ్చారు.

తిరిగొచ్చాక మా ఆయన రీలు తీసి ఎండకు పట్టి చూశాడు. ఇల్లుంది, చెట్టుంది, చందమామ ఉంది. ఆ పిల్ల ఎక్కడా లేదు. తను ఉండే చోటు తెల్లగా ఉంది.

"అమ్మతోబాటు మట్టిలోకి పోయింది. ఖలాస్," అన్నాడు.

"లేదు నాయనా," అంది హబీబా. "జేజి ఒక్కతే పోయింది."

ఆ పిల్ల ఇంట్లో ఇంకో తెల్లగుడ్డ మీదికి పోయిందేమోనని ఆయన నా వైపు చూశాడు. శుక్రవారం పొద్దున అంగళ్లు తెరవలేదు, బట్టలకు వేసే రంగు దొరకదు. పెద్ద గిన్నెలో టీ పొడి మరగబెట్టాము. దుప్పట్లు, దిండు గలీబులు, ఆయన టోపీ, బనీన్లు, ఇంట్లో తెల్లగా ఉన్నవన్నీ అందులో ముంచాము. తీగ నిండా మట్టిరంగు బట్టలు ఆరేసి, ఇంక ఏమీ లేదు కదా అని ఇల్లంతా వెతికి వచ్చి గడప మీద కూర్చున్నాను.

హబీబా నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక కాలు వెనక్కి ఎత్తి, తల పక్కకు వంచింది. నా కళ్లలోకి కాదు, కొంచెం పైకి చూసి నవ్వింది.

నా తల మీద నమాజు దుపట్టా ఉంది. తెల్లది.