పై వరస అయింది, కింది వరస ఉంది

"ఏంటి, నా జోకు బాలేదా?" అన్నాడు అప్పాజీ.

"బావుందండీ," అంది దుర్గాశ్రీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మరి నవ్వలేదేం?"

"నవ్వానండీ. లోపల."

ఏడాదిన్నర క్రితం ఇదే దుర్గాశ్రీ ఇంతకంటే చచ్చు జోకులకి వీధి చివరిదాకా వినపడేలా నవ్వేది. పెళ్ళిచూపుల్లో కాఫీ తీసుకొచ్చినప్పుడు అప్పాజీ కంగారుపడి లేచి నిలబడి, పెద్దవాళ్ళనందరినీ వదిలేసి ఆమెకే వంగి నమస్కారం పెట్టాడు. ఆమె ఆపుకోలేక పకపకా నవ్వేసింది. చేతిలో ట్రే కూడా నవ్వింది, సగం కాఫీ నేలపాలు. సంబంధం పోయిందనుకుని వాళ్ళమ్మ తల పట్టుకుంది. తీరా చూస్తే ఆ నవ్వుకే పడిపోయానని మర్నాడు కబురు చేశాడు అప్పాజీ.

పురిటికని మొగల్తూరు పుట్టింటికి వచ్చిన దుర్గాశ్రీకి ఇప్పుడు చంటాడు అయిదో నెలలో పడ్డాడు. పాలకొల్లులో చేపల చెరువుల మోటార్లు రిపేరు చేసుకునే అప్పాజీ ప్రతి ఆదివారం బస్సెక్కి వస్తాడు. వచ్చి జోకులు చెబుతాడు. మూడు నెలలుగా ఎదురుగా కనిపించేది కొంగు ఒక్కటే.

ఈ గొడవంతా తాంబూలం వల్ల వచ్చింది.

బాలింత పూటకోసారి తాంబూలం వేసుకోవాలని దుర్గాశ్రీ తల్లి వరహాలక్ష్మి పట్టు. ఆకులు, వక్క, సున్నం పళ్ళెంలో పెట్టి, నమలడం పూర్తయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. పైగా బాలింత పళ్ళకి బ్రష్షూ చన్నీళ్ళూ తగిలితే పళ్ళు వదులై ఊగిపోతాయంటూ బ్రష్షు తీసి అటక మీద పెట్టేసింది. వేలితో ఇంత ఉప్పు రాసుకోవడం, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించడం, అంతే.

దుర్గాశ్రీ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. బ్రష్ చేస్తే పళ్ళు రాలతాయేమోనని భయం. తాంబూలం మానితే పాలు తగ్గుతాయేమోనని భయం. చంటాడు రెండుసార్లు తుమ్మితే భయం, అసలు తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని ఇంకా భయం. చదువు టెన్త్ దగ్గర ఆగిపోయింది గానీ, కంగారుపడటంలో పరీక్ష పెడితే జిల్లా ఫస్టు వచ్చేది.

ఒకరోజు చంటాడికి కాటుక పెడుతూ అద్దంలో తన నోరు చూసుకుంది. పళ్ళ సందుల్లో ఎరుపు, చిగుళ్ళ వెంట నల్లటి గార. కాలవ మీద తుప్పుపట్టిన లాకుల తలుపులు గుర్తొచ్చాయి. వాటికైనా ఏడాదికోసారి రంగు వేస్తారు.

నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి రుద్దింది. పళ్ళు జివ్వుమన్నాయి, రంగు మాత్రం కదల్లేదు. బొగ్గుపొడితో రుద్దింది. ఆ నల్లటి నోటితో "కన్నా" అని పిలిస్తే చంటాడు దడుచుకుని గుక్కపట్టి ఏడ్చాడు. కన్నకొడుకే అలా ఏడిస్తే, కట్టుకున్నవాడి సంగతేంటి? అప్పటి నుంచీ కొంగు నోటికి అతుక్కుపోయింది.

ఆ ఆదివారం అప్పాజీ జోకులు మానేసి నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఈ నెలాఖరు శుక్రవారం మంచిదట. నిన్నూ బాబునీ తీసుకురమ్మంటోంది అమ్మ," అన్నాడు. "కానీ నీకు రావాలని లేకపోతే ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉండు. బలవంతం ఏం లేదు."

దుర్గాశ్రీ కొంగు ఇంకాస్త పైకి లాక్కుంది. "మీ ఇష్టమండీ," అంది కొంగు చాటు నుంచి.

అతను కాఫీ కూడా తాగకుండా బస్సుకి వెళ్ళిపోయాడు.

"చూసేశారు వదినా," అని ఏడ్చింది దుర్గాశ్రీ, అన్న భార్య ప్రసన్నకుమారి దగ్గర. "ఎప్పుడో కొంగు జారినప్పుడు నా పళ్ళు చూసేశారు. అందుకే ఇంటికి తీసుకెళ్ళనంటున్నారు."

"పళ్ళు చూసి పెళ్ళాన్ని వదిలేస్తారా? ఎద్దుల బేరమా ఇది?" అంది ప్రసన్నకుమారి. "నరసాపురంలో ఆదివారం ఆదివారం రాజమండ్రి నుంచి పళ్ళ డాక్టరమ్మ వస్తుంది. పొద్దున్నే వెళ్ళి శుభ్రం చేయించుకుని, ఆయన భోజనానికి వచ్చేలోగా వచ్చేద్దాం."

"అమ్మకేం చెబుతాం?"

"చంటాడికి వెండి మొలతాడు కొనాలని చెబుదాం."

మొలతాడు మాట వినగానే వరహాలక్ష్మి మరో ప్రశ్న వేయలేదు. దారిలో నమలమని రెండు తాంబూలాలు మాత్రం చుట్టి ఇచ్చింది.

"పళ్ళు తోమొద్దని ఎవరు చెప్పారమ్మా?" అంది డాక్టరమ్మ, నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి.

"మా అమ్మండి."

"ఈ తాంబూలం?"

"అదీ అమ్మేనండి."

"మీ అమ్మగారి పళ్ళు ఎలా ఉన్నాయి?"

"కట్టుడు పళ్ళండి."

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి మిషను అందుకుంది.

"రోజూ తియ్యాల్సిన పాచి తియ్యకపోతే గట్టిపడి గారవుతుంది. దాని మీద తాంబూలం రంగు పట్టింది. చిగుళ్ళ నుంచి రక్తం కూడా అందుకే వస్తోంది. తోమితే ఊడవమ్మా, తోమకపోతేనే ఊడతాయి. నోరు బాగా తెరువు."

మిషను జుయ్యిమంది. దుర్గాశ్రీ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుంది. గార పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే, పళ్ళే రాలుతున్నాయనుకుని నాలికతో లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి. పై వరస అయ్యాక డాక్టరమ్మ పుదీనా వాసన వేసే ముద్ద రాసి, గిర్రున తిరిగే చిన్న రబ్బరు కప్పుతో ఒక్కో పన్నూ పాలిష్ పెట్టింది. పైపళ్ళ మీద నాలిక జర్రున జారింది. నాలుగు నెలల తర్వాత అవి మళ్ళీ తన పళ్ళలా అనిపించాయి.

"ఇక కింది వరస," అంది డాక్టరమ్మ.

అప్పుడే వరండాలో చంటాడు ఏడుపు అందుకున్నాడు. వెంటనే ప్రసన్నకుమారి గొంతు వినిపించింది. "పాలకి ఏడుస్తున్నాడు. కాస్త లోపలికి తీసుకెళ్ళండి తమ్ముడుగారూ!"

తమ్ముడుగారూ?

వదిన అలా పిలిచేది ఒక్కరినే.

తలుపు తోసుకుని, భుజాన చంటాడితో అప్పాజీ వచ్చి నిలబడ్డాడు.

దుర్గాశ్రీ పైన పెద్ద లైటు. నోరు బార్లా తెరిచి ఉంది. లాలాజలం లాగే గొట్టం ఒకటి పెదవికి వేలాడుతోంది. కొంగు మీద డాక్టరమ్మ పచ్చగుడ్డ కప్పేసింది. మూడు నెలలుగా దాచిన సరుకంతా సంతలో పరిచి పెట్రోమాక్సు లైటు పెట్టినట్టయింది.

"ఆ... ఆఁ..." అంది దుర్గాశ్రీ. మీరెందుకు వచ్చారండీ అని దానికి అర్థం.

"నోరు మూయకమ్మా," అంది డాక్టరమ్మ.

సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోయింది. మిషను ఆగింది, లైటు ఆరింది. డాక్టరమ్మ గొట్టం తీసేసి, కిటికీ తలుపులు తెరిచి, ఎప్పుడొస్తుందో కనుక్కుంటానని బయటికి వెళ్ళింది. బయట వాన మొదలైంది.

దుర్గాశ్రీ అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ అడ్డమా!" అన్నాడు అప్పాజీ. "వెళ్ళిపోతాలే. నేనింకా చూపించుకోనేలేదు, నా వాసన పోలేదు."

"మీ వాసనేంటండీ?"

"నేను దగ్గరికి రాగానే కొంగు అడ్డం పెట్టుకుంటున్నావుగా. నా నోరు కంపు కొడుతోందని తెలిసిపోయింది. టీ మానేశాను. భోజనం తర్వాత కిళ్ళీ మానేశాను. జేబు నిండా యాలకులు పోసుకుని తిరుగుతున్నాను. మా కొట్లో మోటారు విప్పితే లోపల కూడా యాలకుల వాసనే. అయినా నీ కొంగు దిగలేదు. పాలకొల్లులో చూపించుకుంటే ఊరంతా నవ్వుతారని ఇక్కడిదాకా వచ్చాను."

దుర్గాశ్రీకి కళ్ళ ముందు మూడు నెలల ఆదివారాలు తిరిగాయి. అతను దూరంగా జరిగి కూర్చోవడం, మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం. తన పళ్ళు చూడలేకేనని రాత్రుళ్ళు దిండు తడిపింది.

"మరి రెండు నెలలు ఇక్కడే ఉండమన్నారేం?"

"ఈ కంపు మనిషితో ఎలా ఉంటుందిలే, బాగుచేసుకునే దాకా ఆగుదామని." అతని గొంతు తగ్గిపోయింది. "నువ్వు మీ ఇష్టమండీ అనగానే, అంతేలే, నేనంటే ఇష్టం పోయిందనుకున్నాను."

"నా పళ్ళండీ!" అంది దుర్గాశ్రీ, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "మీ నోరు కాదు, నా పళ్ళు! తాంబూలం గార! మీరు చూస్తే అసహ్యపడతారని!"

అప్పాజీ చంటాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి, కిటికీ వెలుతురులోకి వంగి చూశాడు. ఆమె చెయ్యి మెల్లగా కిందకి దించాడు.

"పై వరస బావుంది," అన్నాడు గంభీరంగా. "కింది వరస చూస్తే మాత్రం మా కొట్టుకొచ్చే మోటార్లు గుర్తొస్తున్నాయి."

"ఛీ, పోండి!"

"నిజం చెబుతున్నా. తుప్పు చూసి ఏ మోటారైనా తిప్పి పంపించానా ఎప్పుడైనా?"

కరెంటు సాయంత్రం దాకా రాదని తెలిసింది. కింది వరసకి వచ్చే ఆదివారం రమ్మంది డాక్టరమ్మ. అప్పాజీని మాత్రం కిటికీ దగ్గర నిలబెట్టి, టార్చిలైటు వేసి చూసి, నోటికేమీ ఇబ్బంది లేదు, యాలకులు తగ్గించండి అని చెప్పింది.

మొగల్తూరు బస్సులో ప్రసన్నకుమారి ముందు సీట్లో కూర్చుంది, ఏమీ ఎరగనట్టు వాన చూస్తూ. వెనక సీట్లో వీళ్ళిద్దరూ, దుర్గాశ్రీ ఎడమచేతిలో చంటాడు.

"అయితే నెలాఖరు శుక్రవారం వస్తున్నావా?" అన్నాడు అప్పాజీ.

"కింది వరస ఇంకా ఉందండీ. ఆ ఒక్క ఆదివారంతో అయిపోకపోతే?"

"కాపురం చేసుకుంటూ చేయించుకో. పాలకొల్లు నుంచి నరసాపురం ఎంత దూరం? ప్రతి ఆదివారం నేనే తీసుకొస్తా. ఒక్కో వారం ఒక్కో పన్ను."

"ముప్పై రెండు ఆదివారాలా!"

"పదహారే. పై వరస అయిపోయిందిగా."

ఆమెకి నవ్వు పొంగుకొచ్చింది. కుడిచెయ్యి నోటి మీదకి బయల్దేరింది. సగం దారిలో అప్పాజీ దాన్ని పట్టుకుని వదల్లేదు.

"ఇప్పుడు మూసుకో, చూద్దాం."

ఎడమచేతిలో చంటాడు, కుడిచెయ్యి అతని చేతిలో. కొంగు భుజం మీద హాయిగా పడి ఉంది. ఏం చెయ్యాలో తోచక ఒళ్ళోకి చూస్తే, చంటాడు ఒక్క పన్నయినా లేని నోరంతా తెరిచి, బోసిగా, ధీమాగా నవ్వుతున్నాడు.

దుర్గాశ్రీ నవ్వేసింది. పై వరస, కింది వరస, తెలుపు, ఎరుపు అన్నీ కనిపించేలా, వాన చప్పుడుని మించి పకపకా నవ్వింది. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. అప్పాజీ, పెళ్ళిచూపుల్లోలాగే, కంగారుగా లేచి నిలబడి బస్సు రాడ్డుకి తల కొట్టుకున్నాడు.

"వదినా!" అంది దుర్గాశ్రీ ఉన్నట్టుండి, నవ్వు మధ్యలో. "మొలతాడు!"

ప్రసన్నకుమారి నాలిక కరుచుకుంది.

"ఇప్పుడు అత్తయ్యగారికి ఏం చెబుదాం?"

"ఏం చెప్పక్కర్లేదు అక్కయ్యగారూ," అన్నాడు అప్పాజీ, తల రుద్దుకుంటూ. ఆమె చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు. "గుమ్మంలో ఈవిణ్ణి ఒక్కసారి నవ్వమందాం. పై వరస చూసి అన్నీ అత్తయ్యగారే అడుగుతారు."