వస్ఫియా ఇంట్లో నీళ్ళ వంతు రాత్రి

అమ్మాన్ తూర్పు కొండ మీద ఒక మెట్ల వీధి ఉంది. దాని మలుపులో మూడంతస్తుల ఇల్లు. చీకటి పడ్డాక ఆ ఇంటి కింది వాటా ముందునుంచి పిల్లి కూడా నడవదని అనేవాళ్ళు. పిల్లి సంగతి నాకు తెలీదు గానీ, మనుషులు మాత్రం నడిచేవాళ్ళు కాదు. మంగళవారమైతే అసలే కాదు.

మంగళవారం ఆ వీధికి నీళ్ళ వంతు. వారానికి ఒక్కసారి సాయంత్రం వదిలితే, నడిరాత్రికి కట్టేస్తారు. అలాంటి ఒక వంతు రోజునే కింది వాటాలో ఉండే, హజ్ చేసొచ్చిన హజ్జా వస్ఫియా స్నానాలగదిలో జారిపడి ప్రాణం విడిచింది. కుళాయి అలాగే పారుతోందట... కళ్ళు తెరిచే ఉన్నాయట. కొడుకులు ఆవిడ మొగుడు ముసలాయన్ని తమ వెంట నగరం ఆ చివరకి తీసుకుపోయి, తలుపుకి తాళం వేశారు.

అప్పట్నుంచీ ప్రతి మంగళవారం ఆ తాళం వెనక చప్పుడు — గర్ర్... గర్ర్... ఎవరో దేన్నో గీకుతున్నట్టు. కాసేపటికి ఒక మూలుగు, గోడల్లోంచి పైకి పాకుతూ. అద్దెకని వచ్చినవాళ్ళు ఈ కథ సగం వినేసరికే మెట్లు దిగిపోయేవాళ్ళు.

పై వాటా ఇన్సాఫ్‌కి మాత్రం భయపడే తీరిక ఉండేది కాదు. మొగుడు సాబిర్ అకబా రేవు దారిలో లారీ తోలేవాడు. ఇంటికొస్తే నిద్ర, లేస్తే ప్రయాణం. అత్తగారు తుంటి విరిగి మంచాన పడింది. ఆవిణ్ణి తిప్పాలి, తుడవాలి, కడగాలి. ఆ నీళ్ళు చూస్తే ఎలాంటివి? శనగలు పొద్దున పొయ్యెక్కిస్తే సాయంత్రానికీ రాళ్ళే. సబ్బు రుద్దితే నురగ రాదు, విరిగిన పాలలా తెట్టు కడుతుంది. కెటిల్ లోపల చూస్తే వెల్ల వేసిన గోడ.

టీ మీద తేలే పొరని చూసి అత్తగారు ఊరుకునేది కాదు. "టీ పెట్టావా, సున్నం కలిపావా?"

"నేను కలపలేదత్తయ్యా, పైపులోనే కలిపి పంపారు."

"మా ఊరి ఊట నీళ్ళకి సబ్బు చూపిస్తే చాలు, మోచేతి దాకా నురగ."

"అయితే ఆ ఊటనే కోడల్ని చేసుకోవలసింది!"

ముసలావిడ పగలబడి నవ్వేది. రోజు మొత్తంలో ఇన్సాఫ్‌కి ఉన్న సుఖం ఆ నవ్వొక్కటే.

చలికాలంలో ఇన్సాఫ్ మోటారు సున్నం పట్టి కాలిపోయింది. మోటారు తోయకపోతే నీళ్ళు మూడో అంతస్తుకి ఎక్కవు. అయినా ఎక్కాయి. మంగళవారం మంగళవారం, చీకటి పడ్డాక, డాబా మీది ట్యాంకులో జలజలమని పడ్డాయి. ఎలాగని ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగితే ఆగిపోతాయేమోనని భయం. దేవుడి దయ అనుకుని నోరు మూసుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఒక మంగళవారం రాత్రి కెటిల్‌లో నిమ్మ ఉప్పు వేసి మరిగించింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆ మరుగుతున్న నీళ్ళని వంటగది తూములో కుమ్మరించింది.

అక్కడే తప్పు జరిగింది.

వేడినీళ్ళు తూములో పోసేముందు ‘దస్తూర్’ అనాలి. తూముల్లో కాపురముండే వాళ్ళకి — పేరెత్తకూడదు వాళ్ళని — ‘పోస్తున్నాను, తప్పుకోండి’ అని చెప్పడమన్నమాట. మాటలొచ్చిన ప్రతి పిల్లకీ అక్కడ తల్లి నేర్పే సంగతి. ఇన్సాఫ్ ఏనాడూ మరవలేదు. ఆ రాత్రి అలుపుతో కళ్ళు మూతలు పడుతుంటే మరిచింది.

ఆవిరి లేచింది. గొట్టం గుటక వేసింది. తర్వాత కిందనుంచి... ఎక్కడో లోతునుంచి...

"ఆహ్!"

ఒక్కటే కేక. ఆ వెంటనే డాబా మీద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

మరుసటి మంగళవారం ట్యాంకులో చుక్క పడలేదు. మధ్య వాటా ఉమ్ జలాల్ మెట్ల మీద ఆమెని పట్టుకుంది.

"దస్తూర్ అన్నావా, అనలేదా?" గుసగుసగా అడిగింది.

"...మరిచిపోయానక్కా."

"చంపావు పో! వస్ఫియానే కాల్చావేమో. నీ నీళ్ళు పట్టుకుని కూర్చుందే తల్లీ!"

"కూర్చుంటే కూర్చోనీ. ఒక్క బిందెడు వదలమను."

"హుష్! వింటుందే..."

ఉమ్ జలాల్ నోరు జాస్తి గానీ మనసు మంచిది. తన ట్యాంకులోంచి డబ్బాలతో పట్టుకోమంది. కానీ ఆవిడ ఇంట్లో పిల్లలే గంపెడు. ఆ డబ్బాలు వంటకీ తాగడానికీ సరి. మెట్ల వీధిలోకి ట్యాంకరు రాదు. ఇంకో మంగళవారం కూడా ఎండిపోయింది. మంచం మీద ముసలావిడ వీపు ఎర్రబడి, చర్మం చిట్లడం మొదలెట్టింది. ఎక్కువ నీళ్ళతో శుభ్రంగా కడగకపోతే పుండవుతుందని నర్సమ్మ చెప్పి వెళ్ళింది.

టీ మీద ఎత్తిపొడుపులు ఆగిపోయాయి. అది ఇన్సాఫ్‌ని ఎక్కువ భయపెట్టింది. ఒకనాడు ముసలావిడ గోడవైపు తిరిగే అడిగింది. "ఇన్సాఫ్... నా దగ్గర వాసనొస్తోందా?"

"లేదత్తయ్యా."

"పోనీలే. అబద్ధమైనా బాగానే చెప్పావు."

ఇన్సాఫ్ వంటగదిలోకి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ఒకటి నిశ్చయించుకుంది. వచ్చే మంగళవారం కిందికి దిగాలి. ఆ తలుపు ముందు నిలబడి, లోపల ఎవరున్నా సరే, క్షమించమని అడగాలి.

దిగింది. రాత్రి నమాజు అయిపోయింది. మెట్ల దీపం ఎప్పుడో మాడిపోయింది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే... ఉమ్ జలాల్ తలుపు సందులోంచి చూసి, చటుక్కున మూసేసుకుంది. కింది వరస మెట్లు మరీ చీకటి. గోడ తడిగా, చల్లగా తగిలింది.

"దస్తూర్..." అంది ఇన్సాఫ్. తన గొంతు తనకే వినబడలేదు. "దస్తూర్, ఈ ఇంటివాళ్ళూ... ఆ రాత్రి తెలీక పోశాను. అలిసిపోయి ఉన్నాను. అంతకన్నా ఏమీ లేదు. మీ మీద కోపం లేదు. మా అత్తయ్యని కడగాలి... నీళ్ళు వదలండి..."

గుమ్మం దగ్గర నల్లగా ఏదో కదిలింది.

తెల్లటి తలగుడ్డ... దాని కింద ముఖం లేదు. ఇన్సాఫ్ పై ప్రాణాలు పైనే పోయాయి. అరవబోయింది.

"అరవకు తల్లీ," అంది ఆ నల్లటిది. "నేనే... మిక్దాద్‌ని."

వస్ఫియా మొగుడు, హాజీ మిక్దాద్. తలవంచుకుని గడప మీద కూర్చున్నాడు. ఇన్సాఫ్ ఆ మెట్టు మీదే కూలబడింది.

"మీరా హాజీ గారూ! చీకట్లో ఇక్కడేం చేస్తున్నారు?"

"మావాళ్ళకి తెలీకుండా వస్తాను. మసీదుకని చెప్పి బస్సెక్కుతాను." దొంగతనం చేసినవాడిలా చెప్పాడు. "కుళాయికి సున్నం పడితే ఆవిడకి నచ్చేది కాదు. కత్తితో గీకేది. ఇప్పుడు నేను గీకుతున్నాను. నీ మోటారు కాలిందని విని, మా మోటారు గొట్టం నీ దానికి కలిపాను. అది పాతది, మూలుగుతుంది. దయ్యమని అంటున్నారు... అననీ అనుకున్నాను. దయ్యాలకొంపని కొడుకులు అమ్మలేరు కదా."

ఇన్సాఫ్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళ దేవుడి దయ ఈ ముసలాయన!

"మరి రెండు వంతులు రాలేదే? బాగా కాలిందా మీకు?"

ఆయన తల ఎత్తాడు. "నాకా? నాకేం కాలలేదు. నేను వెనక వసారాలో మోటారు దగ్గరున్నాను. కేక... స్నానాలగదిలోంచి వచ్చింది. ఆడగొంతు." తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. "మోటారు ఆపి, తాళం వేసి పరుగెత్తాను. ఇవాళ వచ్చాను గానీ తలుపు తీయడానికి చెయ్యి రావడంలేదు. ఆ కేక నీదే కదమ్మా? చెయ్యి కాల్చుకున్నావు, గొంతు గొట్టంలోంచి దిగింది... అంతేనా?"

ఇన్సాఫ్ మెట్ల పైకి చూసింది. కాదంటే ఈయన లేచి బస్సెక్కుతాడు. మళ్ళీ వారం. పైన మంచం మీద ఆ వీపు.

"అవును హాజీ గారూ," అంది, ఏ గాయమూ లేని చేతుల్ని ముసుగు కొంగు కింద దాచుకుంటూ. "నేనే అరిచాను."

"అల్‌హందులిల్లాహ్!" ముసలాయన లేచాడు. తాళంచెవిని తాళం దాకా తెచ్చాడు. కన్నంలో పెట్టబోయాడు...

తలుపు వెనక మోటారు ‘ఘుర్ర్’ మంది.

ఒకసారి దగ్గి, మూలిగి, అందుకుంది. గోడలోని గొట్టం వణుకుతూ నీళ్ళని పైకి తోసింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి ఆయన వేళ్ళ మధ్యే ఉంది.

పైనుంచి అత్తగారి గొంతు వీధంతా వినబడేలా, "ఇన్సాఫ్! పడుతున్నాయే! ట్యాంకులో పడుతున్నాయి!"

మిక్దాద్ కొంగు జారి బయటపడ్డ ఆమె చేతులకేసి చూశాడు. ఆ కేక ఈమెది కాదని ఆయనకి అర్థమైంది. కోప్పడలేదు. అరచెయ్యి తలుపుకి ఆనించి, లోపలి చప్పుడు చాలాసేపు విన్నాడు.

"వెళ్ళమ్మా," అన్నాడు మెల్లగా. "నీళ్ళొచ్చేటప్పుడు ఊరికే నిలబడితే వస్ఫియాకి ఒళ్ళు మంట."