పదకొండు గుండ్రటి ముఖాలు

సోమవారం తెల్లవారుజామున నాలుగూ పదికి ఇద్రీస్‌ను ఎత్తుకుపోయారు.

సూడాన్‌లో యుద్ధానికి సగం కూలిపోయిన ఒక పట్టణం. ఇద్రీస్ అక్కడ పంపు మెకానిక్. తుపాకులతో వచ్చిన నలుగురు అతన్ని ఏమీ అడగలేదు. చేతిలోని కాగితం చూశారు. అతని ముఖం చూశారు. ట్రక్కు ఎక్కించారు.

మూడు రోజులు అక్కడ నెట్‌వర్క్ లేదు. ఆ కబురు టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు చేరేసరికి గురువారం అయింది.

ఆ ఉదయం 10:40కి అనురాధ అక్కడి లాస్ కొలీనాస్ పేటలోని నాలుగో అంతస్తు ఆఫీసులో అడుగుపెట్టింది. వయసు యాభై రెండు. పదహారేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టింది. ఇప్పుడు సొంతంగా ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. అబద్ధం చెప్పేవాళ్ళ మీద ఆమెకు పెద్దగా కోపం రాదు. సగం చెప్పి సగం మింగేవాళ్ళంటే ఒళ్ళు మండుతుంది.

నీటిబాట ఫౌండేషన్ డైరెక్టర్ జగదీష్ ఆమెకు ఎదురొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పోలీసులకు చెప్పారా?"

"చెప్పానండీ. ఫెడరల్ వాళ్ళకీ రిపోర్ట్ చేశాను. కేస్ నంబర్ వచ్చింది. దర్యాప్తుకు మనిషి మాత్రం రాలేదు."

"ఏం పోయింది?"

జగదీష్ స్టీలు బీరువా తెరిచి ఒక కవరు తీశాడు. అందులో ఒక ఫోటో ఉంది. కూలిన గోడ ముందు పదకొండు మంది ఒకే వరసలో నిలబడ్డారు. వెనక చేత్తో రాసిన పదకొండు పేర్లు.

"ఇక్కడే ఉందిగా?"

"ఉంది. కానీ దీని కాపీ ఎలాగో వాళ్ళ చేతికి వెళ్ళింది."

జగదీష్ కూలబడి చెప్పాడు. ఆ ఊరి నీళ్ళ పంపు స్టేషన్ యుద్ధంలో ధ్వంసమైంది. దాన్ని మళ్ళీ నిలబెడుతున్నది ఈ ఫౌండేషన్ కాదు, ఈ పదకొండు మందే. ఏది ముందు కట్టాలో, ఏది తర్వాతో వాళ్ళ కమిటీయే తేలుస్తుంది. ఇర్వింగ్ నుంచి పైపులు, మోటార్లు, సలహాలు వెళ్తాయి. ఊరు మళ్ళీ లేవడం ఇష్టంలేని సాయుధులు చుట్టూ ఉన్నారు. అందుకే కమిటీ మొదటి రోజే ఒక షరతు పెట్టింది. మా పేర్లు, మా ముఖాలు బయటకు రాకూడదు.

"మరి ఈ ఫోటో ఎందుకు తెప్పించారు?"

"ఎవరితో పనిచేస్తున్నామో మా లాయర్‌కి ఒక్కసారి చూపించాలి. అంతే. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశాం."

"ఇప్పుడు నా దగ్గర టైమ్ ఎంత ఉంది?"

"నాలుగింటి వరకు. అక్కడ రాత్రి పదకొండవుతుంది. హనాన్ కాల్ చేస్తుంది. స్కూల్ టీచర్, కమిటీ మనిషి. వాళ్ళ చేతిలోని కాగితం మీద ముఖాలే ఉంటే మిగిలిన పదిమందీ ఊళ్ళోనే ఎక్కడో దాక్కుంటారట. పేర్లు కూడా ఉంటే ఇళ్ళు వెతుక్కుంటూ వస్తారు. పిల్లల్తో సహా ఈ రాత్రే ఊరు దాటాలి."

"ఆ కాగితాన్ని ఎవరూ చూడలేదా?"

"ఆ ఊళ్ళో టీ అమ్మే ఆవిడ చూసింది. ఆవిడకు చదువు రాదు, పేర్లు ఉన్నాయో లేదో చెప్పలేకపోతోంది. ముఖాలు గుండ్రంగా ఉన్నాయంటుంది. ఒక ముఖం పైన పెద్దదిగా ఉందంటుంది. చుట్టూ పూలు ఉన్నాయంటుంది. భయంలో ఏదో చూసుంటుంది లెండి."

అనురాధ ఫోటో మళ్ళీ చూసింది. అందులో ఒక్క పువ్వు లేదు. ఇటుకలు, దుమ్ము, పదకొండు అలసిన ముఖాలు. ఎవరూ పైన లేరు, ఎవరూ పెద్దగా లేరు.

ఆ బీరువా తెరవగలిగినవాళ్ళు జగదీష్ కాక ముగ్గురు.

మొదట రేణు. ప్రోగ్రామ్ ఆఫీసర్. వరంగల్ అమ్మాయి.

"ఫోటో మొదట మీ ఫోన్‌కే వచ్చిందా?"

"అవును మేడమ్. మార్చి పన్నెండున. ప్రింట్ తీసి అప్పుడే డిలీట్ కొట్టిన. బ్యాకప్‌లో కూడా లేదు. చెక్ చేసుకోండి."

"గుండ్రటి ముఖాలంటే మీకేమనిపిస్తోంది?"

"వాళ్ళు పెన్నుతో సున్నాలు చుట్టుంటారు. ఎవర్ని ముందు పట్టాల్నో గుర్తు పెట్టుకోనీకి." అంది రేణు. "పాపం ఇద్రీస్ అన్నకు ఇద్దరు బిడ్డలు మేడమ్."

ఆఫీసులో అందరూ అలాగే అనుకున్నారు. ఆ సున్నాలు గురి పెట్టినవాడి గుర్తులని.

తర్వాత మానవ్. షిప్పింగ్ చూస్తాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. పోయిన శుక్రవారం రాజీనామా ఇచ్చాడు. అదే రోజు ఉదయం 8:15కి ఒంటరిగా, బీరువా ఉన్న రికార్డు గదిలోకి వెళ్ళినట్టు బ్యాడ్జ్ లాగ్ చెబుతోంది.

"ఎందుకు వెళ్ళావు?"

"కస్టమ్స్ పేపర్స్ కోసం ఆంటీ. పైప్స్ కంటెయినర్ పోర్ట్‌లో స్టక్ అయింది. ఫైల్ ఆ బీరువాలోనే ఉంటది."

"జాబ్ ఎందుకు మానేస్తున్నావు?"

"గ్రాడ్ స్కూల్. అందరూ నన్నే సస్పెక్ట్ చేస్తున్నారు. ఐ నో." మానవ్ కళ్ళు తుడుచుకున్నాడు. "నేను ఎందుకు చేస్తాను ఆంటీ? ఇద్రీస్ నా ఫ్రెండ్."

జగదీష్ తలుపు దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదండీ. వీడేనని నా అనుమానం."

"దొంగ ఉంటేగా పట్టడానికి," అంది అనురాధ.

మూడో మనిషి పాపయ్య. అరవై తొమ్మిదేళ్ళు. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా రిటైరై ప్లేనోలో కూతురి దగ్గర ఉంటున్నాడు. రోజూ ఆఫీసుకొచ్చి జీతం లేకుండా పనిచేస్తాడు. పంపు డ్రాయింగులన్నీ ఆయనవే. వీడియో కాల్‌లో ఇద్రీస్ చేయి పట్టుకుని రాయించినట్టు పని నేర్పించాడు.

"కుర్రాడు బంగారం అమ్మా," అన్నాడు. "ఒక్కసారి చెబితే చాలు, మళ్ళీ అడగడు. నిన్న బుధవారం ట్రయల్ రన్ అనుకున్నాం."

అనురాధ వేరే సంగతి ఎత్తింది. "వచ్చే శనివారం మీ వార్షికోత్సవమట కదా?"

"అవునమ్మా. స్టేజీ, భోజనాలు అన్నీ నా నెత్తినే పెట్టారు."

"స్టేజీ వెనక ఫ్లెక్సీ సంగతేమైంది?"

"పది రోజుల కిందటే అయిపోయింది. విజయవాడలో మనవాడొకడు డిజైన్ చేసిచ్చాడు. ఇక్కడ ప్రింటు కొట్టించడమే."

అనురాధ తన ఫోన్ తీసింది. ఇన్నేళ్ళ సర్వీసులో జవాబు దొరికినందుకు ఇంత దిగులు ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం 3:30. కాన్ఫరెన్స్ రూమ్‌లో నలుగురూ కూర్చున్నారు.

"టీ అమ్మే ఆవిడ భయంలో ఏదో చూసిందన్నారు," అంది అనురాధ. "అందరిలో సరిగ్గా చూసింది ఆవిడే. మనకే అర్థం కాలేదు. పెన్నుతో సున్నా చుట్టినవాడు పూలెందుకు గీస్తాడు? ఒకరి ముఖం పైకి తీసుకెళ్ళి పెద్దది ఎందుకు చేస్తాడు?"

జగదీష్ ఫోటోను మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ముఖాలు గుండ్రంగా కత్తిరించడం. పెద్దవాళ్ళను పైన పెట్టడం. చుట్టూ బంతిపూల దండ. పెళ్ళికీ, పుట్టినరోజుకీ, లీడర్ గారి రాకకూ మన ఊళ్ళలో ప్రతి సెంటర్లో కట్టేది ఏమిటది?"

రేణు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ఫ్లెక్సీ."

పాపయ్య మెల్లగా తన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. తెర మీద పదకొండు గుండ్రటి ముఖాలు. పైన హనాన్, అందరికంటే పెద్దగా. ఒక పక్కన ఇద్రీస్. అన్నిటికంటే పై లైనులో ఊరి పేరు.

"నేనే," అన్నాడాయన. "డ్రాయింగులకని బీరువా తీసినప్పుడు ఫోటో కనబడింది. ఫోన్‌తో రెండు వైపులా తీశాను. ఏటా స్టేజీ మీద చందాలిచ్చినవాళ్ళ ముఖాలే వేస్తున్నారు. ఎండలో మట్టి మోసినవాళ్ళ ముఖం ఒక్కటీ ఉండదు. అది నాకు కష్టంగా ఉండేది. హాల్లో మూడు గంటలు వేలాడే బట్టే కదా, బయటకు ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

"హాలు దాకా రాకముందే పోయింది," అంది అనురాధ. "డిజైన్ చేసినవాళ్ళు ప్రతి పనీ శాంపిల్‌గా తమ పేజీలో పెట్టుకుంటారు. ఇతనూ పెట్టాడు. ఆ ఊరి పేరు వెతికితే రెండు నిమిషాల్లో నాకు దొరికింది. నాకంటే ముందు వాళ్ళకు దొరికింది. గంట కిందట ఫోన్ చేసి లేపి తీయించాను. ఇప్పుడు తీసి ఏం లాభం?"

మానవ్ తెర మీదికి వంగాడు. "కింద పేర్లు ఉన్నాయా?"

ఉన్నాయి. ఫ్లెక్సీ మీద ముఖం కింద పేరు లేకుండా ఎవరు వేస్తారు? పదకొండు పేర్లు, పేరు కింద చేసే పని. తప్పుల్లేకుండా, ఇంగ్లీషులో, ముద్దుగా.

సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది.

జగదీష్ ఎత్తబోతుంటే పాపయ్య ఆపి తనే స్పీకర్ నొక్కాడు. తన ఇంగ్లీషులో, ఏదీ దాచకుండా, మొత్తం చెప్పాడు.

అవతల ఆమె పక్కనున్నవాళ్ళకు తన భాషలో ఏదో చెప్పడం వినిపించింది.

"ఎన్ని పేర్లు, ఇంజనీర్?" అంది హనాన్.

"అన్నీ అమ్మా. పదకొండూ. నన్ను..."

"ఏడుపు తర్వాత. అయితే ఈ రాత్రే వెళ్ళాలి. రెండు రోజుల ఎడారి దారి. క్యాన్లలో చుక్క నీళ్ళు లేవు. పంపు నడపాలి. ఇద్రీస్ లేడు. మీరు చెప్పండి, నేను తిప్పుతాను."

"డీజిల్ మోటార్ చప్పుడు ఊరంతా వినబడుతుంది," అంది అనురాధ ఉండబట్టలేక.

"వినబడుతుంది. ఇరవై నిమిషాలు చాలు."

పాపయ్య కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెప్పాడు. ఎర్ర వాల్వ్ సగం. గాలి బయటకు వదలాలి. తర్వాత హ్యాండిల్. రెండుసార్లు మోటార్ దగ్గి ఆగిపోయింది. మూడోసారి అందుకుంది. కాసేపటికి ఆ హోరు మధ్య ఎవరో పిల్లవాడు కేక పెట్టాడు. నీళ్ళు.

రేణు వెక్కి వెక్కి ఏడ్చింది.

4:31కి హనాన్ అంది, "క్యాన్లు నిండాయి. అందరూ బయల్దేరారు."

"మీరూ పొండి తల్లీ! ఇంకా అక్కడేం చేస్తున్నారు? వదిలేసి పొండి!" అని అరిచాడు పాపయ్య.

"నడుస్తుండగా వదిలేస్తే, బావిలో మట్టం పడిపోయాక పంపు కాలిపోతుందని ఇద్రీస్‌కు చెప్పింది మీరే కదా. ఊళ్ళో ఇంకా పన్నెండు వేల మంది ఉన్నారు. తొట్టి నిండనీ. ఆపేసి నేనూ వెళ్తాను."

"హనాన్, దూరంగా ట్రక్కుల లైట్లేమైనా కనబడుతున్నాయా?" అంది అనురాధ.

జవాబు లేదు. చప్పుడుకు ఆమెకు వినబడలేదేమో. ఫోన్ ఎక్కడో కింద పెట్టినట్టుంది. మోటార్ హోరు ఒక్కటే గదిని నింపింది. అందరూ టేబుల్ మీదికి వంగి వింటున్నారు. 4:40. 4:44.

4:47కి మోటార్ ఆగింది.

లైన్ ఇంకా తెగలేదు. మోటార్ ఆపింది హనానో, తుపాకులవాళ్ళో ఇర్వింగ్‌లో ఎవరికీ తెలియలేదు. పాపయ్య ఫోన్ దగ్గరికి మొహం పెట్టి, కాసేపటికొకసారి ఆమెను పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు.